కుక్కను ఊరవతల డే క్యాంప్‌కు పంపే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఇద్దరున్నారు. బ్రూనో ఆరేళ్ళ ల్యాబ్రడార్, నీళ్ళు కనిపిస్తే ఆగడు. చిట్టి వీధిలో దొరికిన దేశవాళీ, కొత్త మనిషి వస్తే సోఫా వెనక్కి పోతుంది. హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు కుక్కల కోసం పెట్టిన ఫామ్‌లు నాలుగైదు తిరిగి చూశాను. ఒక చోటి నుంచి రెండో రోజే బ్రూనోను వెనక్కి తెచ్చేసుకున్నాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నేను పశువైద్యురాలిని కాను. మందుల విషయంలో మీ డాక్టరు మాటే ఆఖరి మాట.

డే క్యాంప్ అంటే ఏమిటి? డే కేర్‌కీ దీనికీ తేడా ఏముంది?

డే కేర్ ఊళ్ళోనే ఒక ఇంట్లోనో షెడ్డులోనో ఉంటుంది. పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకుంటాం. డే క్యాంప్ అంటే ఎకరమో రెండెకరాలో తోట, ఒక కొలను, ఎక్కి దూకడానికి టైర్లు, చెక్క పలకలు, మట్టిగుట్టలు. కొన్నిచోట్ల వ్యాన్ వచ్చి ఇంటి దగ్గరే ఎక్కించుకుని వికారాబాద్ అనంతగిరి వైపు చిన్న ట్రెక్ కూడా చేయిస్తారు. పది పదిహేను కుక్కలు రోజంతా కలిసి తిరుగుతాయి. డే కేర్‌లో మహా అయితే కుక్కకు విసుగు పుడుతుంది. ఇక్కడ ఎండ ఉంది, నీళ్ళున్నాయి, పుట్టలున్నాయి, తెలియని కుక్కలున్నాయి.

మా కుక్కకు ఇది పనికొస్తుందా?

అన్నిటికీ పనికిరాదు. ఈ మాట మొదటే చెప్పాలి. బజారులో కుక్క కనిపిస్తే తోక ఊపుతూ వాసన చూడబోయేవాడు, పిలిస్తే సగం సార్లైనా వెనక్కి వచ్చేవాడు, పరాయి మనిషి పట్టీ పట్టుకుంటే ముడుచుకుపోనివాడు అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ లాంటి చోటికి నాలుగు వారాలు తీసుకెళ్ళి చూస్తే మీకే అర్థమవుతుంది. నలుగురిలో వాడు ఆడుతున్నాడా, మీ కాళ్ళ మధ్య దూరుతున్నాడా అన్నది కళ్ళముందే తేలిపోతుంది.

నాలుగు నెలలు నిండని పిల్ల, కీళ్ళనొప్పులున్న ముసలివాడు, గుండె జబ్బుకు మందులు వాడుతున్నది, ఎదకొచ్చిన ఆడకుక్క ఇంట్లోనే ఉండాలి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షీ జూ లాంటి చప్పిడి ముక్కు జాతులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దుటిపూట మాత్రమే. పిరికి కుక్కను "నలుగురిలో పడేస్తే అదే అలవాటు పడుతుంది" అని తోసేయకండి. ఈతరాని పిల్లాడిని బావిలో తోసినట్టే. వాడు ఈత నేర్చుకోడు, బావిని చూసి పారిపోవడం నేర్చుకుంటాడు.

ఫోన్ చేసినప్పుడు మొట్టమొదట ఏం అడగాలి?

"మీరు ఎలాంటి కుక్కల్ని వద్దంటారు?" అని అడగండి. ధర, ఫోటోలు, స్విమ్మింగ్ పూల్ సంగతి తర్వాత. "అన్నీ మాకు ఓకే మేడమ్, తీసుకొచ్చేయండి" అన్న చోటికి నేను రెండోసారి ఫోన్ చేయను. పని తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నకు తడుముకోరు. దగ్గుతున్నది, విరేచనాలవుతున్నది, గిన్నె దగ్గర కరిచేది, టీకాలు పూర్తికానిది, మే నెలలో పగ్ అని గడగడా చెప్పేస్తారు.

ఆ తర్వాత వాళ్ళు మిమ్మల్ని అడగడం మొదలుపెడతారు. శామీర్‌పేట వైపు ఫామ్ నడిపే ఒకావిడ నన్ను ఫోన్‌లోనే ఇరవై నిమిషాలు ఆరా తీశారు. బంతి నోట్లో ఉంటే వదులుతాడా? నిద్రలో ముట్టుకుంటే గుర్రుమంటాడా? ఉరుములకు భయమా? ఎప్పుడైనా ఎవర్నైనా కరిచాడా, కరిస్తే రక్తం వచ్చిందా? నా పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు. బ్రూనోను రమ్మన్నారు. చిట్టిని వచ్చి చూసి, పది నిమిషాలు దూరంగా కూర్చుని, వద్దన్నారు. "దీన్ని తీసుకుంటే నాకు ఫీజొస్తుందండీ, చిట్టికేమీ రాదు" అన్నారు. ఆ మాటతోనే బ్రూనోను వాళ్ళ దగ్గర వదలొచ్చని నాకు ధైర్యం వచ్చింది.

ముందుగా వెళ్ళి చూడాలా? చూస్తే ఏం చూడాలి?

తప్పకుండా చూడాలి. అదీ కుక్కలున్న సమయంలో, వీలైతే మధ్యాహ్నం పన్నెండూ మూడూ మధ్య. పొద్దున ఎనిమిదింటికి ఏ తోటైనా బాగుంటుంది. ఎండ నడినెత్తికొచ్చాక కుక్కలు ఎక్కడ పడుకున్నాయి, పనివాళ్ళు ఎక్కడున్నారు అన్నదే చూడాల్సింది. "కుక్కలున్నప్పుడు రానివ్వం, వాటికి చిరాకు" అనే మాటలో కొంత నిజముంది కాబట్టి లోపలికి రానివ్వకపోయినా కంచె బయటి నుంచైనా చూపించమనండి.

మొదట గేటు. రెండు గేట్లుండాలి, ఒకటి మూశాకే రెండోది తీయాలి. ఒక్క గేటే ఉన్న చోట ఏమవుతుందో చిలుకూరు దగ్గర ఒక ఫామ్‌లో నా కళ్ళతో చూశాను. నీళ్ళ క్యాన్లు మోసుకొస్తున్న కుర్రాడు గేటును మోకాలితో తోసి లోపలికొచ్చాడు. ఆ చుట్టుపక్కల నెమళ్ళు ఎక్కువ. బయట ఒక నెమలి కూసింది. అంతే, ఒక బీగిల్ ఆ కుర్రాడి కాళ్ళ సందులోంచి దూసుకుపోయింది. రెండు గంటలు వెతికితే పక్క రైతు పాలకూర మడిలో, ఒళ్ళంతా బురదతో దొరికింది. అటువైపు రోడ్డు లేకపోబట్టి బతికింది.

తర్వాత కంచె. ఎత్తు ఆరడుగులకు తగ్గకూడదు, హస్కీలు, షెపర్డ్‌లు నాలుగడుగుల గోడను లెక్కచేయవు. అడుగున జాలీ మట్టిలోకి దిగి ఉందా, కంతలు తవ్వి ఇటుకలు అడ్డం పెట్టారా చూడండి. ఇటుకలు కనిపిస్తే ఇదివరకు ఎవరో పారిపోయారని అర్థం. నేల మీద పల్లేరుకాయలున్నాయేమో చెప్పులు విప్పి నాలుగడుగులు వేయండి. మీ కాలికి గుచ్చుకుంటే వాడికీ గుచ్చుకుంటుంది.

నీడ చెట్లదై ఉండాలి. రేకుల షెడ్డు మేలో పెనంలా కాలుతుంది. నీళ్ళ తొట్లు ఒక్కచోట కాకుండా నాలుగైదు చోట్ల ఉండాలి, లేకపోతే పెత్తనం చేసే కుక్క ఒకటి తొట్టిని కాపలా కాస్తుంది, మిగతావి దాహంతో తిరుగుతాయి. వాసన కూడా చూడండి. ఘాటైన ఫినాయిల్ వాసన శుభ్రతకు గుర్తని అనుకుంటాం గానీ కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌ను ఫినాయిల్ నమ్మకంగా చంపలేదు, దానికి బ్లీచింగ్ ద్రావణం కావాలి. "దేనితో కడుగుతారు?" అని అడిగితే ఆ తేడా వాళ్ళకు తెలుసో లేదో బయటపడుతుంది.

ఒక మనిషికి ఎన్ని కుక్కలు?

నాలుగు గోడల మధ్య అయితే ఒకరు పది కుక్కల్ని చూసుకోగలరేమో. ఆరుబయట, నీళ్ళున్న చోట, నా లెక్కలో ఆరుకు మించకూడదు. కాగితం మీద లెక్క ఎవరైనా చెబుతారు. మీరు వెళ్ళినప్పుడు తోటలో నిలబడి ఉన్న మనుషుల్ని లెక్కపెట్టండి. వంట చేసే ఆమె, డ్రైవరు, రీల్స్ తీసే కుర్రాడు లెక్కలోకి రారు. ఫోన్ చూసుకుంటూ కుర్చీలో కూర్చున్నవాడూ రాడు.

ఇంకో సంగతి. మంచి చోట గంటకోసారి తలలు లెక్కపెడతారు. బ్రూనో వెళ్ళే చోట ఒక పాత స్కూలు పలక మీద కుక్కల పేర్లు రాసి, ప్రతి గంటకూ పేరు పక్కన సుద్దతో గీత గీస్తారు. యాప్ కంటే నాకు ఆ పలక మీదే నమ్మకం.

ఏ టీకాలు ఉండాలి? వాళ్ళు అడక్కపోతే?

అడక్కపోతే అక్కడే ఆగిపోండి. మీ కుక్క సర్టిఫికెట్ అడగలేదంటే పక్క కుక్కదీ అడగలేదనే కదా.

ఉండాల్సినవి ఇవి. రేబిస్ టీకా, ఏటా బూస్టర్‌తో. మన డాక్టర్లు సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని పిలిచే కలిపిన టీకా. అందులో డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరోసిస్ ఉంటాయి. పైగా కెన్నెల్ కాఫ్ టీకా, ఇది చాలామంది వేయించరు. నలుగురు చేరే చోట దగ్గు గాలిలోనే అంటుకుంటుంది, ఒకే నీళ్ళ తొట్టి ఇంకా సాయం చేస్తుంది. క్యాంప్‌కు ముందు రోజు వేయిస్తే ఉపయోగం లేదు, కనీసం వారం పది రోజుల ముందు వేయించండి.

కుక్కపిల్లలకైతే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా డోసులు పడాలి. ఆఖరి డోసు పడి రెండు వారాలయ్యేదాకా పరాయి నేల మీద కాలు పెట్టనివ్వకండి. పార్వో మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. జబ్బు కుక్క పోయి ఆరు నెలలయ్యాక కూడా ఆ మట్టి వాసన చూసిన పిల్లకు అంటుకోవచ్చు.

టీకా పుస్తకంలో డాక్టరు సంతకంతో పాటు సీసా స్టిక్కరు, తేదీ ఉండాలి. "వేయించామండీ, పుస్తకం ఊళ్ళో ఉంది" అన్నవాళ్ళను కూడా రానిచ్చే చోటైతే మీ పుస్తకం ఎంత పక్కాగా ఉన్నా ఉపయోగం సగమే. జీహెచ్‌ఎంసీ రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే ఆ కాగితం కూడా ఫోన్‌లో పెట్టుకోండి.

ఎండాకాలంలో పంపవచ్చా?

ఏప్రిల్, మే నెలల్లో నేను పంపను. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో నలభై డిగ్రీలు మామూలు. మనకు ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు పాదాల అడుగునే ఉంటాయి, మిగతా పనంతా నాలుక చాపి రొప్పడమే. ఆట ధ్యాసలో పడిన కుక్క తనంతట తాను ఆగదు. ల్యాబ్రడార్ అయితే కూలబడేదాకా బంతి తెస్తూనే ఉంటుంది.

పంపక తప్పని పరిస్థితి అయితే ఆటంతా పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక. మధ్యలో ఫ్యానో కూలరో ఉన్న గదిలో విశ్రాంతి. సిమెంటు నేల మీద అరచేతి వెనుకభాగం ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని మీద కుక్క నడవకూడదు.

వడదెబ్బ గుర్తులు అక్కడి పనివాళ్ళను అడగండి, మేనేజర్ను కాదు. ఆగని రొప్పు, చిక్కటి చొంగ, ఎర్రటి చిగుళ్ళు, తూలుడు, వాంతి అని వాళ్ళ నోటి నుంచి రావాలి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే కంగారు పడాలి, 106కి చేరితే అవయవాలు దెబ్బతింటాయి. అప్పుడు చేయాల్సింది నీడలోకి లాగి, ఒళ్ళంతా కుళాయి నీళ్ళు పోస్తూ ఫ్యాను పెట్టడం. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఆగిపోతుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్ళు పోయకూడదు. ఉష్ణోగ్రత 103కి దిగాక పోయడం ఆపి ఏసీ కారులో ఆసుపత్రికి. చల్లబరచడం మొదలుపెట్టకుండానే కారెక్కించి పరుగు తీయడం చాలామంది చేసే పొరపాటు. ఆ ఇరవై నిమిషాల్లోనే కుక్క చేయి దాటిపోవచ్చు.

వాళ్ళ దగ్గర థర్మామీటరు ఉందా అని కూడా అడగండి. మలద్వారంలో పెట్టి చూడాలని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది దాని తర్వాతి ప్రశ్న.

వానాకాలం సంగతి?

రెండు భయాలు. ఒకటి ఎలుక మూత్రం కలిసిన గుంతల నీళ్ళు, వాటితో వచ్చే లెప్టోస్పైరోసిస్. ఇది కుక్క నుంచి మనుషులకూ సోకుతుంది, కాబట్టి నిలవ నీళ్ళున్న చోటు వద్దు. చెరువు మీద పచ్చటి తెట్టు కట్టి ఉంటే దాని దరిదాపులకు కూడా పోనివ్వద్దు, కొన్ని రకాల నాచు విషం.

రెండోది పాములు. ఊరవతల తోట అంటే పాములు ఉంటాయి, లేవని చెప్పేవాళ్ళు అబద్ధమాడుతున్నారు. గడ్డి కురచగా కోశారా, రాళ్ళకుప్పలు, కట్టెల మోపులు కుక్కలు తిరిగే చోట ఉన్నాయా చూడండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి మన దగ్గరి ప్రధాన విషసర్పాల కాటుకు ఒకే రకం విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది, దాన్నే కుక్కలకూ వాడతారు. అది అన్ని క్లినిక్కుల్లో ఉండదు. "దగ్గర్లో ఎక్కడ దొరుకుతుంది, అక్కడికి ఎన్ని నిమిషాలు?" అని అడగండి. మొయినాబాద్, శంషాబాద్ వైపు అయితే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నగరం మధ్యలో నారాయణగూడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఏ వేళల్లో తెరిచి ఉంటారో, మందు నిలవ ఉందో ఆ ఫామ్ వాళ్ళు ముందే కనుక్కుని ఉండాలి. కాటు వేసిన చోట కోయడం, కట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని పోవడమే.

పిడుదులు అంటుకుంటాయా?

అంటుకుంటాయి. బ్రూనోను వెనక్కి తెచ్చుకున్న కథ ఇదే.

ఒక ఫామ్‌లో రెండు రోజులు వదిలాను. పచ్చగడ్డి, పెద్ద కొలను, మంచి ఫోటోలు. రెండో సాయంత్రం తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వాడు పడుకునే గదిలోకి తొంగి చూశాను. గోడ మీద, సున్నం పెచ్చులూడిన చోట, మినపగింజల్లాంటివి వరసగా పైకి పాకుతున్నాయి. మేము పిడుదులంటాం, కొందరు గోమార్లంటారు. మన ఇళ్ళలో కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు గడ్డిలో కంటే ఇలాంటి గోడ పగుళ్ళలో, పైకప్పు మూలల్లోనే ఎక్కువ దాక్కుంటుంది. అప్పటిదాకా నేను తోట చూశాను గానీ గోడ చూడలేదు.

ఇంటికొచ్చి చెవుల్లోంచి, వేళ్ళ సందుల్లోంచి పదకొండు తీశాను. పన్నెండో రోజు వాడు గిన్నె దగ్గరికి రాలేదు. ల్యాబ్రడార్ అన్నం వదిలేశాడంటే ఇంట్లో ఎవరో పోయినంత పని. జ్వరం, పాలిపోయిన చిగుళ్ళు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు నలభై వేలకు పడిపోయాయి. టిక్ ఫీవర్ అన్నారు, అంటే పిడుదు కాటుతో వచ్చే జ్వరం. ఇరవై ఎనిమిది రోజులు డాక్సీసైక్లిన్ మింగించాం, రోజూ బెల్లం ముక్కలో దాచి. బతికాడు. ఫామ్ వాళ్ళు మాత్రం "మీ ఇంట్లోనే అంటుకుని ఉంటాయి" అన్నారు.

అందుకే ఇప్పుడు వెళ్ళగానే గోడలు చూస్తాను. వచ్చే కుక్కల్ని గేటు దగ్గరే చెవులు, మెడ, చంకలు తడిమి చూసి లోపలికి పంపే చోటైతే మంచిది. మన వైపు నుంచి పిడుదుల్ని చంపే బ్రవెక్టో, నెక్స్‌గార్డ్ లాంటి మాత్రలు డాక్టరు చెప్పిన ప్రకారం వేయాలి. మొదటిది పన్నెండు వారాలు పనిచేస్తుంది, రెండోది నెల. మూర్ఛ వచ్చే కుక్కలకు ఇవి పడకపోవచ్చు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. అగ్గిపుల్ల, కిరోసిన్ లాంటి మన పెద్దల చిట్కాలు పక్కన పెట్టేయండి.

కొలనులో దింపుతామంటున్నారు. ఈత అన్ని కుక్కలకూ వస్తుంది కదా?

రాదు. పొట్టి కాళ్ళు, బరువైన ఛాతీ ఉన్న బుల్‌డాగ్ రాయిలా మునుగుతుంది. ఈత వచ్చిన కుక్క కూడా బయటికొచ్చే మెట్లు ఎక్కడున్నాయో తెలియక గట్టు పట్టుకుని గీరుతూ అలసిపోతుంది. లైఫ్ జాకెట్లున్నాయా, కొలనుకు విడిగా కంచె ఉందా, నీళ్ళలో కుక్కలున్నంతసేపూ ఒక మనిషి గట్టునే ఉంటాడా అన్నవి చూడాలి. నీళ్ళలో బంతి వేసి తెప్పించే ఆట పదిహేను నిమిషాలు దాటకూడదు. బంతితో పాటు మింగిన నీళ్ళు ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి తూలడం, వాంతులు, మూర్ఛ దాకా పోతుంది. ఈత అయ్యాక తూలితే "అలసిపోయాడులే" అని ఊరుకోకూడదు.

వ్యాన్ పంపుతామంటున్నారు, ఫర్వాలేదా?

వ్యాన్‌లో ఏసీ వెనక దాకా వస్తుందా, ఒక్కో కుక్కకు విడి బోను ఉందా, డ్రైవరు కాక ఇంకో మనిషి ఉంటాడా? ఈ మూడింటికీ అవునంటేనే. ఒకసారి మీరే కారులో వెనక వెళ్ళండి. మీ ఇంటి నుంచి ఎక్కించుకున్నాక ఇంకో ఆరిళ్ళు తిరిగితే మీ కుక్క రెండు గంటలు బోనులోనే గడుపుతుంది.

ట్రెక్‌లో పట్టీ విప్పేస్తామంటే ఒప్పుకోవాలా?

నేను ఒప్పుకోలేదు. అనంతగిరి వైపు కోతులుంటాయి, మేకల మందలుంటాయి, ఊరి కుక్కలుంటాయి. మందను తరిమిన పెంపుడు కుక్కకు కర్రదెబ్బలు పడితే తప్పు కాపరిది కాదు. పది మీటర్ల పొడుగు తాడు కట్టి తిప్పితే కుక్కకు స్వేచ్ఛా ఉంటుంది, మనకు నిద్రా పడుతుంది. మెడకు పట్టీతో పాటు ఫోన్ నంబరున్న బిళ్ళ ఉండాలి. మైక్రోచిప్ వేయిస్తే మంచిదే గానీ అది దారి చూపించే జీపీఎస్ కాదు, దొరికిన కుక్క ఎవరిదో స్కానర్‌తో చెప్పే నంబరు మాత్రమే.

ఆడుకుంటున్నాయో కొట్లాడుకుంటున్నాయో ఎలా తెలుస్తుంది?

ఆటలో ముందుకాళ్ళు చాచి వెనక భాగం పైకెత్తుతాయి. ఒకసారి ఇది తరిమితే ఇంకోసారి అది తరుముతుంది. మధ్యమధ్య ఆగి ఒళ్ళు దులుపుకుంటాయి. ఒక్కటే అస్తమానం కింద పడుతుంటే, తోక బిగిసి నిలబడిపోతే, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంటే, అది ఆట కాదు. తెలిసిన మనిషి ఆ బిగింపు దగ్గరే కలగజేసుకుంటాడు, అరుపుల దాకా రానివ్వడు.

"కొట్లాట మొదలైతే ఎలా విడదీస్తారు?" అని అడిగినప్పుడు "మెడపట్టీ పట్టి లాగుతాం" అంటే ఆ మనిషి చేతికి త్వరలో కుట్లు పడతాయి. నీళ్ళ పైపు, మధ్యలో చెక్కపలక, వెనక కాళ్ళు ఎత్తి వెనక్కి లాగడం లాంటి జవాబు రావాలి. చిన్న కుక్కలకూ పెద్ద కుక్కలకూ విడి జాగాలు ఉండాల్సిందే. మూడు కిలోల పొమెరేనియన్‌ను షెపర్డ్ ప్రేమతో తొక్కినా ఎముక విరుగుతుంది. గుంపులో ఆడేటప్పుడు గొలుసులు తీసేయాలి, ఇంకో కుక్క దవడ అందులో ఇరుక్కుంటుంది.

తిండి వాళ్ళు పెడతారా, మనం పంపాలా?

మీరే పంపండి, పేరు రాసిన డబ్బాలో. కొత్త తిండికి కడుపు పాడైతే ఏది కారణమో తేలదు. తిన్నాక గంటన్నర దాకా పరుగులు వద్దు, గ్రేట్ డేన్, షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదముంది. అందరికీ విడివిడిగా పెడతారా అన్నది చూడండి. మనుషులు తినే చోట ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకు అందకూడదు.

"ఏం జరిగినా మా బాధ్యత లేదు" అనే ఫారం మీద సంతకం అడుగుతున్నారు.

దాదాపు అందరూ అడుగుతారు. చదివి పెట్టండి. కుక్కలు ఆడుకుంటే గీతలు పడతాయి, దానికి ఒప్పుకోవచ్చు. వాళ్ళ నిర్లక్ష్యానికి కూడా బాధ్యత లేదన్న వాక్యం ఉంటే కొట్టేయమనండి. మీరు సంతకం చేసినంత మాత్రాన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసే దారి మూసుకుపోదు, డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం లోపమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మరోవైపు మీ కుక్క కరుస్తుందని తెలిసీ దాచి పంపితే తప్పు మీ మీదికీ వస్తుంది. జంతువు విషయంలో నిర్లక్ష్యం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నేరమే.

ఫారంలో ఒక వాక్యం మీరే రాయించుకోండి: అత్యవసరమైతే నన్ను అడక్కుండా ఫలానా మొత్తం దాకా వైద్యం చేయించవచ్చు. మీ ఫోన్ మీటింగులో సైలెంట్‌లో ఉన్నప్పుడు ఆ వాక్యమే పనికొస్తుంది.

రోజంతా ఫోటోలు పంపుతారట. అది మంచి గుర్తేనా?

ఫోటో తీసే చేయి పట్టీ పట్టుకునే చేయే కదా. నాకు రెండు చాలు, ఒకటి తిన్నాక, ఒకటి పడుకున్నప్పుడు. పడుకున్న ఫోటో రాని చోట కుక్కలకు విశ్రాంతి ఇవ్వడం లేదేమోనని అనుమానిస్తాను.

"కుక్కకు పిక్నిక్ ఏంటే, చోద్యం కాకపోతే" అని మా అత్తయ్య అంటున్నారు. ఏం చెప్పాలి?

మా అత్తయ్య కూడా అన్నారు. బ్రూనో క్యాంప్‌కు వెళ్ళొచ్చిన రాత్రి ఆవిడ చెప్పు కొరకలేదు. తర్వాతి వారం "వాణ్ణి ఎప్పుడు పంపుతున్నావు?" అని ఆవిడే అడిగారు.

ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి?

స్నానం కంటే ముందు చేత్తో తడమండి. చెవి మడత లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో, ప్రతి వేలి సందులోనూ. ఉత్తరేణి గింజలు, పల్లేరుకాయలు, పిడుదులు అక్కడే ఉంటాయి. పాదాల అడుగు తోలు లేచిందేమో చూడండి. ఈత కొట్టి ఉంటే చెవులు పొడిగా తుడవండి. ఆ రాత్రి బాగా నిద్రపోతాడు, అది మామూలే. మర్నాడు మధ్యాహ్నానికి కూడా లేవకపోయినా, కుంటుతున్నా, దగ్గు మొదలైనా డాక్టరుకు చూపించండి. తర్వాత మూడు వారాల పాటు తిండి మీద కన్నేసి ఉంచండి. నేను ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండరు కాగితం అంటించి, గిన్నె ఖాళీ చేసిన పూటల్లా టిక్కు పెడతాను. వెళ్ళొచ్చిన తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, దాని పక్కన పిడుదులు ఎన్ని తీశానో అంకె వేస్తాను. పోయిన నెల కాగితంలో ఆ అంకె సున్నా.